ఇంగ్లీష్ టీచర్ అవ్వాలంటే ఏ కోర్సు, ఏ కాలేజీ? గోదావరి జిల్లాల పిల్లల కోసం

పోయిన నెల మా తోడికోడలి కూతురు అమలాపురం నుంచి వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం, హెచ్‌ఈసీ గ్రూపు. సంచి కింద పెట్టకుండానే "పిన్నీ, నీలాగా హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పాలంటే నేనిప్పుడు ఏం చదవాలి?" అంది. ఆ వారంలోనే మా వీధి చివరింటి అబ్బాయి వచ్చాడు. బీఎస్సీ అయిపోయి ఏడాదయింది. "మేడమ్ గారండీ, బీఈడీలో నాన్ అటెండింగ్ సీటు ఉందంటున్నారు, క్లాసులకి వెళ్ళక్కర్లేదట. ఇంగ్లీష్ మెథడాలజీకి కట్టేయమంటారా?" అన్నాడు.

ఇద్దరికీ కావాల్సిన ఉద్యోగం ఒకటే. కానీ ఇద్దరికీ ఒకే సలహా చెబితే ఒకరు నిండా మునుగుతారు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీష్ చెబుతాను. వాళ్ళకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ దారిలో వెళ్ళినా చివరికి చేతికొచ్చే కాగితం మీద బీఈడీ అనే ఉంటుంది. చదివే రోజుల్లో మీరు ఎన్ని గంటలు పిల్లల ముందు నిలబడి ఇంగ్లీష్ మాట్లాడారు, ఎవరైనా వెనక కూర్చుని విని మీ తప్పులు చెప్పారా అనేదే అసలు తేడా. ఫీజు, దూరం, కాలేజీ పేరు అన్నీ దాని తర్వాతే.

ముందు డిగ్రీ సంగతి తేల్చుకోండి

మన రాష్ట్రంలో డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) ద్వారా స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్, అంటే హైస్కూల్ ఇంగ్లీష్ టీచర్ పోస్టు రావాలంటే రెండు ఉండాలి. డిగ్రీలో ఇంగ్లీష్ ఆప్షనల్ సబ్జెక్టుగానో మెయిన్‌గానో చదివి ఉండాలి, లేదంటే ఎంఏ ఇంగ్లీష్ ఉండాలి. దానితోపాటు ఇంగ్లీష్ మెథడాలజీతో (ఇంగ్లీష్ ఎలా బోధించాలో నేర్పే సబ్జెక్టుతో) బీఈడీ ఉండాలి. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో ఇంగ్లీష్ మెథడాలజీ సీటుకి కూడా దాదాపు ఇదే లెక్క.

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. బీఎస్సీ, బీకాం చదివిన వాళ్ళు "డిగ్రీలో మాకూ ఇంగ్లీష్ ఉంది కదండీ" అంటారు. అది అందరికీ పెట్టే జనరల్ ఇంగ్లీష్. అది లెక్కలోకి రాదు. మా వీధి అబ్బాయి సరిగ్గా ఈ ఉచ్చులోనే పడబోయాడు. డబ్బు కట్టేశాక ఎవరో చెబితే ఏముంది, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అతనికి రెండు దారులు చూపించాను. లెక్కల మీద ఇష్టం ఉంటే తన బీఎస్సీతోనే మ్యాథ్స్ మెథడాలజీలో బీఈడీ చేయొచ్చు. కాదు, ఇంగ్లీషే చెప్పాలి అనుకుంటే ముందు రెండేళ్ళు ఎంఏ ఇంగ్లీష్, ఆ తర్వాత రెండేళ్ళు బీఈడీ. నాలుగేళ్ళు పడుతుంది. అంత ఓపిక ఉందా అని అడిగితే ఆలోచించుకుని వస్తానన్నాడు. అతను వెంటనే సరే అనకపోవడమే నాకు నచ్చింది.

ఇంటర్‌లో ఉన్న వాళ్ళకి ఇంత తిప్పలు లేదు. మన డిగ్రీ కాలేజీల్లో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. పాతరోజుల్లోలా మూడు సబ్జెక్టుల్లో ఒకటిగా స్పెషల్ ఇంగ్లీష్ తీసుకునే వీలు పోయింది. కాబట్టి చేరేటప్పుడే మేజర్ ఇంగ్లీష్ అని పెట్టుకోండి. "ముందు ఎకనామిక్స్‌లో చేరు, తర్వాత చూద్దాం" అనే మాట వినకండి. రేపు కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీ (హైస్కూల్ టీచర్) ఇంగ్లీష్‌కి వెళ్ళాలన్నా డిగ్రీ మూడేళ్ళూ ఇంగ్లీష్ సబ్జెక్టుగా ఉండాలంటారు.

ఇంటర్ తర్వాత: నాలుగేళ్ళ కోర్సా, డిగ్రీ ప్లస్ బీఈడీనా?

ఇప్పుడు ఐటెప్ అని నాలుగేళ్ళ కోర్సు ఉంది. డిగ్రీ, బీఈడీ రెండూ కలిపి ఒకేచోట చదువుతారు. 2023-24లో దేశంలో కొన్ని సంస్థల్లో మొదలైంది. జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెట్టే ఎన్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు. మామూలు దారిలో డిగ్రీ మూడేళ్ళు, బీఈడీ రెండేళ్ళు కలిపి ఐదేళ్ళు. ఆనర్స్ నాలుగో ఏడాది కూడా చదివితే ఆరు. అంటే ఐటెప్‌లో కనీసం ఒక ఏడాది మిగులుతుంది. ఇంట్లో ఆర్థికంగా ఇబ్బందిగా ఉన్న పిల్లలకి ఆ ఏడాది చిన్న విషయం కాదు.

అయితే అప్లై చేసే ముందు రెండు చూడాలి. ఐటెప్‌లో ఫౌండేషనల్, ప్రిపరేటరీ, మిడిల్, సెకండరీ అని స్టేజీలు ఉంటాయి. హైస్కూల్ టీచర్ అవ్వాలనుకునే వాళ్ళకి సెకండరీ కావాలి. అన్ని సంస్థల్లోనూ అన్ని స్టేజీలూ ఉండవు. రెండోది, ఆ సంస్థ ఇంగ్లీష్‌ని ప్రధాన సబ్జెక్టుగా ఇస్తుందా అన్నది. బీఏ బీఈడీ అని పేరు చూసి చేరిపోయి, మొదటి సెమిస్టర్‌లో హిస్టరీ ప్రధానమని తెలిస్తే అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు.

ఈ దారిలో నాకు బాగా గౌరవం ఉన్న చోటు మైసూరులోని ఆర్‌ఐఈ (రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్). ఎన్‌సీఈఆర్‌టీ కింద దక్షిణాది రాష్ట్రాల కోసం 1963 నుంచి నడుస్తున్న సంస్థ. క్యాంపస్‌లోనే బడి ఉంటుంది. పాఠం ఎలా చెప్పాలో ఉదయం చదివి, మధ్యాహ్నం అదే ఆవరణలో పిల్లల దగ్గర చూసే అవకాశం మన చుట్టుపక్కల చాలా కాలేజీల్లో లేదు. పైగా హాస్టల్లో కేరళ, తమిళనాడు, కర్ణాటక పిల్లలతో ఉండాలి. తెలుగు నడవదు, ఇంగ్లీష్ మాట్లాడక తప్పదు. కోనసీమ నుంచి వెళ్ళిన పిల్లకి మొదటి ఆరు నెలలు బెంగగానే ఉంటుంది. సాంబారు కూడా వేరే రుచిగా ఉంటుంది. అయినా ఇంగ్లీష్ టీచర్ కాబోయే వాళ్ళకి అదే మేలు చేస్తుంది.

ఇదంతా చెప్పి మా అమలాపురం అమ్మాయితో ఎన్‌సెట్‌కి అప్లై చేయమన్నాను. సీటు వస్తే వెళ్ళు, రాకపోతే బీఏ ఇంగ్లీష్ మేజర్‌లో చేరు అని కూడా చెప్పాను. నాలుగేళ్ళ కోర్సు కోసం ఒక ఏడాది ఖాళీగా కూర్చోవడం మాత్రం వద్దన్నాను. ఆ ఆదా అయ్యే ఏడాది అక్కడే పోతుంది కదా.

డిగ్రీ తర్వాత: ఏ బీఈడీ కాలేజీ?

చాలామందికి అసలు ప్రశ్న ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

టీచర్ శిక్షణ కోర్సులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌సీటీఈ 2014లో పెట్టిన నిబంధనల తర్వాత బీఈడీ రెండేళ్ళయింది. అందులో కనీసం 20 వారాలు బడిలో గడపాలి. మొదటి ఏడాది 4 వారాలు, రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ 16 వారాలు. క్లాసులకి 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలన్నది నియమం. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి. కాలేజీలను పోల్చడానికి వీటికి మించిన కొలత లేదు. 16 వారాలు నిజంగా జరిగే కాలేజీ ఒకటి, రిజిస్టర్‌లో జరిగే కాలేజీ ఒకటి. ఈ రెండింటి మధ్య తేడా ఫీజు తేడా కంటే చాలా పెద్దది.

పోయినేడాది మా బడికి ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. మొదటి వారం ఏడో తరగతిలో 'మై ఫ్యామిలీ' మీద మాట్లాడిస్తోంది. ఒక కుర్రాడిని "వాట్ డజ్ యువర్ ఫాదర్ డూ?" అని అడిగింది. వాడు లేచి, కాసేపు కప్పు వైపు చూసి, "మై ఫాదర్ కోకోనట్ దింపు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల "నో, రాంగ్, సిట్ డౌన్" అంది. నేను వెనక బెంచీలో ఉన్నాను. పీరియడ్ అయ్యాక వరండాలోకి పిలిచి, వాడు చెప్పింది తప్పు కాదమ్మా, వాడి దగ్గర ఒక్క మాట తక్కువైందంతే అన్నాను. మర్నాడు ఆ పిల్ల అదే ప్రశ్నతో మొదలుపెట్టింది. ఈసారి వాడు చెప్పింది బోర్డు మీద రాసింది, దింపు అన్న చోట చుట్టూ గీత గీసింది. దింపు అంటే ఏం చేస్తారో చేత్తో చూపించమంది. వాడు చెట్టెక్కినట్టు, కత్తితో గెల కోసినట్టు చేసి చూపించాడు. అప్పుడు "మై ఫాదర్ పిక్స్ కోకోనట్స్" అని రాసింది. ఇంకెవరి నాన్న ఏం చేస్తారు అని అడిగితే వరసగా చేతులు లేచాయి. "మై ఫాదర్ క్యాచెస్ ఫిష్", "మై మదర్ సెల్స్ ఫ్లవర్స్", "మై ఫాదర్ డ్రైవ్స్ యాన్ ఆటో". క్రియ చివర ఆ ఎస్ ఎందుకొస్తుందో గ్రామర్ పుస్తకం తెరవకుండానే ముప్పై మంది పిల్లలకి ఎక్కింది.

బీఈడీలో నేర్చుకోవాల్సింది ఇదే. పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. ఒకరు వెనక కూర్చోవాలి, ఒకరు మర్నాడు మళ్ళీ ప్రయత్నించాలి. మైక్రో టీచింగ్ అని కాలేజీలో ఐదారు నిమిషాల చిన్న పాఠాలు చెప్పిస్తారు. తోటి ట్రైనీలే పిల్లలుగా కూర్చుంటారు. ప్రశ్నలు అడగడం, బోర్డు వాడడం, ఉదాహరణ ఇవ్వడం ఒక్కోటీ విడిగా సాధన చేయిస్తారు. అది సిగ్గుగా అనిపించే పనే. అది జరిపించే కాలేజీయే మంచి కాలేజీ.

నా బీఈడీ ఏడాది కోర్సు ఉన్న రోజుల్లో ఒక ప్రైవేటు కాలేజీలో అయింది. నలభై లెసన్ ప్లాన్లు రాశాను. అందులో సగం సీనియర్ల రికార్డు చూసి ఎక్కించినవే. పాఠం చూడకుండానే సంతకాలు పెట్టారు. ఫలితం నేను ఉద్యోగంలో చేరాక తెలిసింది. రెండేళ్ళపాటు ఇంగ్లీష్ పాఠాన్ని వాక్యం చదవడం, తెలుగులో అర్థం చెప్పడం, ప్రశ్న జవాబులు రాయించడం, ఇలాగే నడిపించాను. పిల్లలు పరీక్షల్లో బట్టీపట్టి పాసయ్యారు కానీ ఒక్క వాక్యం సొంతంగా మాట్లాడలేకపోయారు. ఆ రెండు బ్యాచ్‌ల పిల్లలు ఇప్పటికీ ఊళ్ళో ఎదురుపడి నమస్కారం పెడతారు. నాకు బాధగానే ఉంటుంది.

అందుకే నాన్ అటెండింగ్ గురించి సూటిగా చెబుతున్నాను: వద్దు. ఊళ్ళో ఏజెంట్లు వచ్చి "పరీక్షలకి వస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అంటారు. అది నియమాలకి విరుద్ధం. అంతకంటే ముఖ్యం, టీచర్‌గా మిమ్మల్ని తయారుచేసే ఆ 20 వారాలనే మీ చేతుల్లోంచి లాగేసుకుంటారు. స్కాలర్‌షిప్‌కి హాజరు అవసరమన్నది కూడా మర్చిపోకండి.

మన జిల్లాల్లో ఉన్నవాటిని పోల్చుకుంటే, నా ఓటు మొదట రాజమండ్రిలోని ప్రభుత్వ ఐఏఎస్‌ఈకి. ప్రభుత్వ శిక్షణ కాలేజీ కాబట్టి ఫీజు భారం తక్కువ. ఊరి నడుమ ఉంటుంది కాబట్టి ప్రాక్టీసుకి బడులు దగ్గర. రెండోది ఆదికవి నన్నయ యూనివర్సిటీ క్యాంపస్‌లోని ఎడ్యుకేషన్ కాలేజీ. 2006లో పెట్టిన యూనివర్సిటీ, రాజానగరం దగ్గర హైవే పక్కన ఉంటుంది. అక్కడ లైబ్రరీ, ఎంఏ ఇంగ్లీష్ విద్యార్థుల సావాసం లాభం. రెండింటిలోనూ ఆ ఏడాది ఇంగ్లీష్ మెథడాలజీ సీట్లు ఉన్నాయో లేదో వెబ్ ఆప్షన్లు (ఆన్‌లైన్‌లో కాలేజీల ఎంపిక) పెట్టే ముందే చూసుకోండి.

దూరం సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రికి రోజూ అప్ అండ్ డౌన్ అంటే ఆనుపోను నాలుగు గంటలు బస్సులోనే పోతాయి. లంక గ్రామాల పిల్లలకి వరదల రోజుల్లో ఏటి గట్టు దాటడమే కష్టం. అలాంటప్పుడు హాస్టల్ దొరికితేనే రాజమండ్రి. దొరక్కపోతే భీమవరం, కాకినాడ, తణుకు, అమలాపురం వైపు మీ ఊరికి దగ్గర్లో ఉన్న ప్రైవేటు కాలేజీ, రోజూ క్లాసులు జరిగేదైతే, నిస్సందేహంగా మేలు. అలసిపోయి వెనక బెంచీలో నిద్రపోయే రాజమండ్రి కంటే మెలకువగా కూర్చునే తణుకే నయం.

హైదరాబాద్ ఇఫ్లు (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా పెట్టారు. దేశంలో ఇంగ్లీష్ టీచర్లకి శిక్షణ ఇవ్వడానికే పుట్టిన సంస్థ అది. అక్కడ ఇంగ్లీష్‌లోనే బీఈడీ ఉంది. భాష ఎలా నేర్చుకుంటారు, ఎలా నేర్పాలి అన్నదాని మీద అక్కడ ఉన్నంత లోతు మన జిల్లాల్లో దొరకదు. మీ ఇంగ్లీష్ ఇప్పటికే బాగుండి, ఇంటి నుంచి దూరంగా ఉండగలిగితే తప్పక ప్రయత్నించండి. కానీ రేపు మీరు పాఠం చెప్పేది ముమ్మిడివరంలోనో నరసాపురంలోనో అయితే, మన బడి పిల్లల మధ్య చేసిన ఇంటర్న్‌షిప్ విలువ వేరు. ఇఫ్లులో చదివిన వాళ్ళు వేసవి సెలవుల్లోనైనా మన ఊరి పిల్లలకి కొన్నాళ్ళు చెప్పి చూసుకోవాలి.

దూరవిద్యలో బీఈడీ చేయొచ్చా?

కొత్తగా డిగ్రీ అయిన వాళ్ళకి కుదరదు. ఇగ్నో బీఈడీ అప్పటికే శిక్షణ పొంది ఎలిమెంటరీ బడుల్లో పనిచేస్తున్న టీచర్లకి, లేదా రెగ్యులర్‌గా డీఎల్‌ఈడీ (ప్రైమరీ టీచర్ల డిప్లొమా) లాంటి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉన్న కోర్సు చేసిన వాళ్ళకి. ఎస్జీటీగా (ప్రైమరీ టీచర్‌గా) పనిచేస్తూ స్కూల్ అసిస్టెంట్‌గా ఎదగాలనుకునే వాళ్ళకి అది చక్కటి దారి. మిగతా వాళ్ళకి ఎవరైనా అడ్మిషన్ ఇప్పిస్తామంటే నమ్మకండి.

దీనికి తిరగేసిన ప్రశ్న కూడా వస్తుంటుంది: బీఈడీ చేసి ఎస్జీటీ రాయొచ్చా అని. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ప్రైమరీ పోస్టులకి బీఈడీ చెల్లదు. అది కావాలంటే డీఎల్‌ఈడీ చేయాలి.

ఎంఏ ముందా, బీఈడీ ముందా?

డిగ్రీలో ఇంగ్లీష్ ఉన్నవాళ్ళకి ముందు బీఈడీ అనే చెబుతాను. డీఎస్సీ ఎప్పుడు పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. నోటిఫికేషన్ వచ్చేసరికి అర్హత చేతిలో ఉండాలి. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు, ఎంఏ చేస్తూ బీఈడీ ఇంకా మొదలుపెట్టని పిల్లలు ఎంతో మంది కళ్ళ ముందే అవకాశం పోగొట్టుకున్నారు. ఎంఏని తర్వాత ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో కూడా చేయొచ్చు. పీజీటీ (ఇంటర్ స్థాయి టీచర్) పోస్టులకి వెళ్ళాలంటే ఎంఏ కావాలి, నిజమే. అది రెండో మెట్టు.

ఇంకో మాట వినిపిస్తోంది. నాలుగేళ్ళ డిగ్రీ గానీ పీజీ గానీ ఉన్నవాళ్ళకి ఏడాది బీఈడీ తెస్తామని ఎన్‌సీటీఈ 2025 ఫిబ్రవరిలో ముసాయిదా విడుదల చేసింది. దాన్ని చూసి చేరాల్సిన ఏడాదిని వాయిదా వేసుకోవద్దు. మీరు అప్లై చేసే రోజున ఏ కోర్సు అమల్లో ఉంటే దాని మీదే నిర్ణయం తీసుకోండి.

పరీక్షల గురించి క్లుప్తంగా

ఎడ్‌సెట్‌కి డిగ్రీలో 50 శాతం మార్కులు ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి 40. మొత్తం 150 ప్రశ్నల్లో 100 మీరు ఎంచుకున్న సబ్జెక్టు మీదే వస్తాయి. ఇంగ్లీష్ మేజర్ చదివిన వాళ్ళు డిగ్రీ పుస్తకాలు అమ్మేయకుండా దాచుకోండి. బీఈడీ అయ్యాక టెట్ (టీచర్ అర్హత పరీక్ష) 150 మార్కులకి. ఓసీలకి 60 శాతం, బీసీలకి 50, ఎస్సీ ఎస్టీలకి 40 వస్తే అర్హత, అది జీవితాంతం చెల్లుతుంది. డీఎస్సీలో రాత పరీక్ష 80 మార్కులకి, మిగిలిన 20 టెట్ వెయిటేజీ. కాబట్టి టెట్ పాసయ్యాక కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్ళీ రాయడంలో అర్థం ఉంది. 2025లో స్కూల్ అసిస్టెంట్ పేపర్‌లో 40 మార్కులు కంటెంట్, 20 మార్కులు మెథడాలజీ. ఆ ఇరవైని ఇంటర్న్‌షిప్ సరిగ్గా చేసిన పిల్లలు పుస్తకం పెద్దగా పట్టకుండానే రాసేస్తారు. కోచింగ్‌లో దాన్ని బట్టీపట్టే వాళ్ళకే టెన్షన్.

కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక్కసారి వెళ్ళి చూడండి. సోమవారమూ శనివారమూ కాకుండా మామూలు మంగళవారమో బుధవారమో పదకొండు గంటలకి వెళ్ళండి. క్లాసు గదిలో మనుషులున్నారా, ఎవరో ఒకరు బోర్డు దగ్గర ఉన్నారా చూడండి. ఇంగ్లీష్ మెథడాలజీ చెప్పే లెక్చరర్ ఉన్నారా అని ఆఫీసులో అడగండి. కొన్నిచోట్ల సోషల్ మెథడాలజీ చెప్పే వారే ఇంగ్లీష్ కూడా నెట్టుకొస్తుంటారు. ఇంటర్న్‌షిప్‌కి ఏ బడులకి పంపుతారో అడిగి, వీలైతే ఆ బడిలో ఇంగ్లీష్ టీచర్‌ని కలవండి. మా లాంటి వాళ్ళం ఏ కాలేజీ పిల్లలు రోజూ వస్తారో, ఎవరు సంతకానికి మాత్రమే వస్తారో దాచకుండా చెబుతాం.

ప్రిన్సిపాల్ గదిలో చెప్పే మాటల కంటే బయట టీ కొట్టు దగ్గర సెకండియర్ వాళ్ళు చెప్పేది నమ్మండి. ఫీజు ఎంత, హాస్టల్ ఎలా అని అందరూ అడుగుతారు. మీరు ఇది కూడా అడగండి: "ఇంటర్న్‌షిప్‌లో మీరు పాఠం చెబుతుంటే లెక్చరర్ గారు వెనక బెంచీలో ఎన్నిసార్లు కూర్చున్నారు? మీకేం చెప్పారు?" మూడు సార్లో నాలుగు సార్లో అని చెప్పి, ఆయన పట్టుకున్న తప్పు ఒక్కటైనా వాళ్ళకి గుర్తుంటే, ఆ కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టుకోండి.